ఉత్సవం వాళ్లది, పండుగ మనది

డిసెంబరు వచ్చిందంటే అరకు ఘాట్ రోడ్డు మీద కార్లు చీమలబారు కడతాయి. శృంగవరపుకోట దాటి, అనంతగిరి కాఫీ తోటలు దాటి, గాలికొండ దగ్గర ఆగి ఫొటోలు దిగి, సుంకరమెట్ట మీదుగా లోయలోకి దిగుతాయి. శనివారం వస్తారు, ఆదివారం సాయంత్రం వెళ్లిపోతారు. చలి చూస్తారు, మంచు చూస్తారు, పచ్చటి వలిసె పూలు చూస్తారు. బొంగు చికెన్ తింటారు. చాపరాయి గెడ్డలో కాళ్లు పెడతారు. రాత్రి మంట చుట్టూ ధింసా ఆడించుకుంటారు. సోమవారం పొద్దున్న గెడ్డలో సీసాలు ఏరేది మన ఆడవాళ్లు.

ఈ వచ్చేవాళ్లను రావద్దని చెప్పడానికి మేము ఈ వ్యాసం రాయడం లేదు. ఇంటికి వచ్చిన మనిషిని గుమ్మం దగ్గర నిలబెట్టి పంపే అలవాటు మన ఊళ్లలో లేదు. చోడి అంబలి ఉంటే అదే పోస్తాం. జీలుగు కల్లు ఉంటే డొప్పలో పోస్తాం. మేము అడిగేది వేరు. ఈ లోయలో జరిగే సంబరం ఎవరిది? అది జరిగే నేల ఎవరిది? దాని మీద వచ్చే డబ్బు ఎవరి చేతికి పోతోంది? జరగాలా వద్దా అని చెప్పే మాట ఎవరిది? ఈ నాలుగింటికి జవాబు రాకుండా "పర్యాటకం వస్తే మీరు బాగుపడతారు" అని ఎవరు చెప్పినా నమ్మడానికి మేము సిద్ధంగా లేము.

తేదీ ఎవరు పెడతారు?

2025 జనవరి 31 నుంచి ఫిబ్రవరి 2 వరకు అరకులో చలి ఉత్సవం జరిగింది. వేదిక కట్టారు, దీపాలు పెట్టారు, పరుగు పందెం పెట్టారు, పెద్దలు వచ్చి మాట్లాడారు. మన పిల్లలు చాలామంది సరదాగా చూసి వచ్చారు. చూడటం తప్పు కాదు. కానీ చలికి ఉత్సవం ఏమిటని ఊళ్లో ఒక ముసలమ్మ అడిగితే మా దగ్గర జవాబు లేకపోయింది. చలి మనకి సంబరం కాదు. పొద్దుటి పూట పిల్లల్ని మంట దగ్గర కూర్చోబెట్టుకుని కాసుకునే కాలం అది. కప్పుకోవడానికి చాలినన్ని దుప్పట్లు లేని ఇంట్లో చలిని ఎవరూ పండుగ అనరు. చలి పండుగ అయ్యేది తిరిగి వెచ్చటి గదికి వెళ్లేవాళ్లకే.

మన పండుగ ఎలా వస్తుందో గుర్తు చేసుకోండి. చైత్రంలో ఇటుకల పండుగ. దాని రోజు దిశారి చెబుతాడు. ఊరి పెద్దలు కూర్చుని ఒప్పుకుంటారు. ప్రతి ఇంటి నుంచి విత్తనాలు వస్తాయి. దేవుడి దగ్గర పెట్టి, మళ్లీ ఇంటింటికీ పంచుతారు. ఆ విత్తనం కలవకుండా దుక్కి మొదలుకాదు. మగవాళ్లు వేటకు వెళతారు. ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్లు పేడ నీళ్లతో ఎదురొస్తారు. మామిడి కొత్త చేయకుండా మామిడి కాయ కొరకం. కొర్ర కొత్త, చిక్కుడు కొత్త చేయకుండా కొత్త పంట నోట పెట్టం. పంటను బట్టి పండుగ. నేలతో, వానతో, విత్తనంతో ముడిపడిన లెక్క అది. అది తప్పితే తిండి తప్పుతుంది.

ఉత్సవం తేదీ దిశారి పెట్టడు. హోటళ్ల గదులు నిండే వారం ఏదో, వచ్చే పెద్దమనిషికి తీరిక ఎప్పుడో, దాన్ని బట్టి పెడతారు. ఊరిని అడగరు. అడిగినా పనులు పంచడానికి అడుగుతారు: ఎవరు ధింసాకు వస్తారు, ఎవరు స్టాలు పెడతారు, ఎవరు చెత్త తీస్తారు. పండుగకి ఊరు యజమాని. ఉత్సవానికి ఊరు కూలీ. తేడా ఇంతే. ఇంత చిన్న తేడాలోనే మన బతుకంతా ఉంది.

ధింసా ఎవరి కోసం?

ధింసా అంటే ఒకరి వీపు వెనక నుంచి ఇంకొకరు చేతులు కలుపుకుని, తుడుము, డప్పు, మోరి, కిరిడి మోగుతుంటే ఒక్క అడుగుగా కదలడం. ఇందులో చాలా రకాలు ఉన్నాయి. పోతోర్ తోలా ధింసా అడవిలో ఆకు కోసే పనిని ఆడి చూపిస్తుంది. బాగ్ ధింసాలో పులి వస్తుంది. పని, భయం, అడవి, పెళ్లి, అన్నీ ఆ అడుగుల్లో ఉన్నాయి. ఇందులో చూసేవాళ్లంటూ వేరే ఉండరు. ఇవాళ తాళం వేస్తూ నిలబడ్డ మనిషి రేపు వరసలో కలుస్తాడు.

పండుగ రోజుల్లో ఒక ఊరివాళ్లు ఇంకో ఊరికి వెళ్లి, వాళ్లతో కలిసి ఆడి, కలిసి వండుకుని తినే ఆచారం మనకి ఉంది. సంకిడి కెల్బార్ అంటాం. పర్యాటకం అనే మాట మనం వినక ముందు నుంచే మన మధ్య రాకపోకలు ఉన్నాయని ఇది చెబుతుంది. వచ్చిన ఊరు ఆడుతుంది, తింటుంది, మన కష్టం సుఖం అడుగుతుంది. ఈసారి వాళ్లు మన ఊరికి, ఇంకోసారి మనం వాళ్ల ఊరికి. ఇప్పుడు వచ్చే చుట్టాలు మనల్ని ఎప్పుడైనా వాళ్ల ఇంటికి పిలిచారా? పట్నంలో ఉత్సవం జరిగితే పిలుస్తారు. వేదిక మీదకి పిలుస్తారు. పంక్తిలోకి పిలవరు.

ఇప్పుడు ధింసా చాలా చోట్ల రాత్రి పది గంటలకి మొదలవుతోంది. భోజనాలు అయ్యి, తాగడం అయ్యి, అప్పుడు "ట్రైబల్ డాన్స్ పిలవండి" అంటారు. ఒకేలాంటి చీరలు కట్టించిన ఆడవాళ్లు వస్తారు. తాగినవాడు మధ్యలో దూరి చేయి పట్టుకుంటాడు, పక్కవాడు వీడియో తీస్తాడు. ఆ ఆడవాళ్లు నవ్వుతూ తప్పుకుంటారు, ఎందుకంటే ఆ రాత్రి కూలి అక్కడే ఉంది. తెల్లారి వాళ్లు పొలానికి పోవాలి. కళకు గిరాకీ పెరిగిందని పొంగిపోయేవాళ్లు ఒక్కసారి ఆ మంట దగ్గర కాకుండా, ఆ ఆడవాళ్లు ఇంటికి నడిచిపోయే చీకటి దారిలో నిలబడి ఆలోచించాలి.

మాస్టార్లూ, టీచరమ్మలూ, ఇక్కడ మీతో ఒక మాట. మాలో ఒకరు పనిచేసిన ఆశ్రమ పాఠశాలకి ఒకరోజు కబురు వచ్చింది. పెద్దలు వస్తున్నారు, 20 మంది ఆడపిల్లలను ధింసాకి తయారు చేసి పంపండి అని. ఆ రోజు తొమ్మిదో తరగతికి లెక్కల పరీక్ష. పరీక్ష వాయిదా పడింది, ధింసా వాయిదా పడలేదు. పిల్లలు పొద్దున్న నుంచి రోడ్డు పక్కన నిలబడ్డారు. కార్లు మధ్యాహ్నం దాటాక వచ్చాయి. ఆడింది రెండు నిమిషాలు. తిరిగి వస్తుంటే ఒక పిల్ల అడిగింది: "సార్, మనం పండుగకి ఆడామా, పనికి ఆడామా?" ఆ సార్ ఏమీ చెప్పలేకపోయాడు. మేమంతా కలిసి ఇప్పుడు జవాబు చెబుతున్నాం: పనికే ఆడావు తల్లీ, అదీ కూలి లేని పనికి. ఇంకోసారి పంపం.

1922లో మన్యం ఎందుకు తిరగబడిందో మనం పిల్లలకి పాఠం చెబుతాం. పోడు మీద ఆంక్షలు, ఘాట్ రోడ్డు పనిలో సరైన కూలి ఇవ్వకుండా చేయించిన చాకిరీ. గాం గంటందొర, మల్లుదొర లాంటివాళ్లు అల్లూరి సీతారామరాజుతో నడిచింది అందుకే. 2022లో మన జిల్లాకి ఆయన పేరే పెట్టారు. ఆ పేరున్న జిల్లాలో బడి పిల్లల్ని రోడ్డు పక్కన నిలబెట్టి ఊరికే ఆడిస్తే, పేరు పెట్టి ప్రయోజనం ఏమిటి?

పూలకి పది రూపాయలు, దుంగకి చీవాట్లు

వలిసెలు మనం నూనె కోసం వేస్తాం. పూత వేళ లోయంతా పసుపు పోసినట్టు ఉంటుంది. తేనెటీగలు వస్తాయి. ఇప్పుడు వాటికంటే ముందు కెమెరాలు వస్తున్నాయి. చేను మధ్యలోకి దిగి, పడుకుని, పొర్లి ఫొటోలు దిగుతారు. తొక్కిన చోట గింజ రాదు. అందుకని రైతులు చేను గట్టు మీద నిలబడి మనిషికి పదో ఇరవయ్యో అడగడం మొదలుపెట్టారు. కొందరు ఇస్తారు. కొందరు "పూలు చూడ్డానికి కూడా డబ్బులా? ఆదివాసులు అమాయకులనుకున్నాం, వీళ్లూ నేర్చేశారు" అంటారు.

అవును, నేర్చుకున్నాం. ఎవరి దగ్గర నేర్చుకున్నాం? బొర్రా గుహలోకి టికెట్ ఉంది. తోటలోకి టికెట్ ఉంది. బండి ఆపితే రుసుము ఉంది. వాటికి రసీదు ఉంటుంది కాబట్టి అది ఆదాయం. చెమటోడ్చి చేను వేసిన మనిషి అడిగితే అది ఆశ.

ఇటుకల పండుగ రోజుల్లో మన ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా దుంగ పెట్టి, పాట పాడి, వచ్చినవాళ్ల దగ్గర పండుగ ఖర్చుకి అడుగుతారు. ఇది ఎప్పటి నుంచో ఉన్న ఆచారం. దారిన పోయే మనిషి కూడా పండుగలో భాగమేనని దాని అర్థం. కారులో వచ్చేవాళ్లు ముఖం చిట్లించి దాన్ని వసూళ్లు అంటున్నారు. హైవే మీద టోల్‌గేటు దగ్గర నోరెత్తకుండా కట్టేవాళ్లే ఇక్కడ గొడవ పడతారు. గేటు ఇనుముదైతే చట్టం, వెదురుదైతే దౌర్జన్యమా?

మన పిల్లలకి కూడా ఒక మాట చెప్పాలి. దుంగ పెట్టి అడగడంలో పాట ఉండాలి, నవ్వు ఉండాలి. ఇచ్చింది తీసుకోవాలి. పండుగ కానప్పుడు, తాగి, బండి అద్దం మీద కొట్టి అడిగితే అది ఇటుకల పండుగ కాదు. ఆచారాన్ని బయటివాళ్లు వెక్కిరిస్తే మనం జవాబు చెప్పగలం. మనమే చెడగొడితే చెప్పలేం.

నీళ్లు కిందికి, ఖనిజం కిందికి

గోస్తనీ నది మన అనంతగిరి కొండల్లో పుడుతుంది. బొర్రా గుహల కింద నుంచి పారి, కిందికి దిగి, తాటిపూడి జలాశయంలో చేరి, చివరికి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్లు విశాఖపట్నం తాగుతుంది. అంటే వారాంతానికి మన దగ్గరికి వచ్చే మనిషి వారమంతా మన కొండ నీళ్లు తాగి వచ్చినవాడే. ఆ కొండ మీద చెట్టు నిలబడితేనే ఊట నిలబడుతుంది. ఊట నిలబడితేనే గెడ్డ పారుతుంది. ఇది మన ముసలివాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. గెడ్డ ఒడ్డున సీసా పగలగొట్టేవాడికే చెప్పాలి. ఎండాకాలంలో ఊట చెలమ దగ్గర బిందెలు వరస పెట్టే ఊళ్లు ఉన్న మండలంలోనే రిసార్టుల తొట్ల కోసం బోర్లు వేస్తే, దాన్ని అభివృద్ధి అని ఏ నోటితో అంటారు?

బొర్రా గుహల్ని ఎవరో తెల్లదొర కనిపెట్టాడని చెబుతారు. మన పశువుల కాపరులు అప్పటికే ఆ గుహ ఎరిగినవాళ్లు. లోపల ఉన్న రాతికి దీపం పెట్టినవాళ్లు. మనకి తెలిసినది తెలిసినట్టు కాదు. వాళ్లు చూసినప్పుడే అది ఉన్నట్టు. ఈ పద్ధతి గుహతో ఆగలేదు. 1960లలో కొండలు తొలిచి సొరంగాలు చేసి కొత్తవలస నుంచి కిరండూల్‌కి రైలు మార్గం వేశారు. మన ప్రయాణం కోసం వేయలేదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి, అక్కడి నుంచి జపాన్‌కి పంపడానికి వేశారు. ఇదే దారిలో 2017లో అద్దాల బోగీ వచ్చింది. చుట్టూ అద్దాలు, తిరిగే కుర్చీలు. అందులో కూర్చున్నవాళ్లకి మన కొండలు చాలా అందంగా కనిపిస్తాయి. ఆ కొండల వెనక ఊళ్లలో నెలలు నిండిన ఆడమనిషిని డోలీ కట్టి మోసుకొస్తున్న సంగతి ఎంత పెద్ద అద్దంలోంచీ కనపడదు.

మేము రైలుని తిట్టడం లేదు. ఒక సంగతి చూపిస్తున్నాం. ఖనిజానికి దారి దొరికింది, కాఫీకి దారి దొరికింది, వచ్చే చుట్టానికి దారి దొరికింది. మన గర్భిణికి దారి దొరకలేదు. కాబట్టి "పర్యాటకం వస్తే రోడ్లు వస్తాయి" అనే మాట సగమే నిజం. రోడ్లు వ్యూ పాయింటు దాకా వస్తాయి. దాని అవతల ఊరికి రావాలంటే మళ్లీ అర్జీ పెట్టుకోవాలి.

కంచె మీద కన్ను

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. చలి ఉత్సవానికి కొద్ది రోజుల ముందే, పర్యాటకం పెరగాలంటే 1/70 చట్టాన్ని సవరించాలన్న మాట పెద్ద పదవిలో ఉన్నవారి నోట వచ్చింది. ఉత్సవం దీపాలు ఆరి పది రోజులు తిరక్కముందే, ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం బంద్ అయింది. దుకాణాలు మూశాం, బళ్లు ఆపాం, రోడ్ల మీద కూర్చున్నాం. చట్టాన్ని మార్చబోమని ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. ఆ ప్రకటన దానంతట అది రాలేదు. రోడ్డు మీద కూర్చున్నవాళ్లు తెచ్చుకున్నారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ చట్టం గురించి మీలో చాలామంది పేరు విన్నారు తప్ప చదవలేదు. చదవండి. 1917లోనే ఏజెన్సీ భూముల బదిలీ మీద చట్టం వచ్చింది. 1959లో ఒకటో రెగ్యులేషన్ వచ్చింది. దానికి 1970లో సవరణ వచ్చింది, అదే 1/70. శ్రీకాకుళం గిరిజన పోరాటం నడుస్తున్న కాలం అది. ఊరికే ఎవరూ ఇవ్వలేదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడికి బదిలీ కాకూడదు. గిరిజనుడికి గానీ, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గానీ మాత్రమే వెళ్లాలి. ఒక గిరిజనేతరుడి నుంచి ఇంకో గిరిజనేతరుడికి కూడా వెళ్లకూడదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే.

ఈ చట్టం బలం ఎంతో చెప్పింది మన అనంతగిరి మండలమే. బొర్రా చుట్టుపక్కల ఊళ్ల భూముల్ని గనుల కంపెనీలకి లీజుకిస్తే సమత అనే సంస్థ కోర్టుకి వెళ్లింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టం దృష్టిలో ప్రభుత్వం కూడా ఒక 'వ్యక్తే', షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకి లీజుకివ్వడం ప్రభుత్వానికి కూడా కుదరదు అని. అక్కడి పరిశ్రమల నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత ప్రజల అవసరాలకి పక్కన పెట్టాలని కూడా చెప్పింది. దేశంలో ఆదివాసులంతా చెప్పుకునే తీర్పు మన ఊళ్ల పేరు మీద ఉంది. మన పాఠశాలల్లో ఎంతమంది పిల్లలకి ఇది తెలుసు?

బాక్సైట్ కోసం కొండలు అడిగారు. 2015లో జీవో 97 ఇచ్చారు. మన్యం ఒప్పుకోలేదు. 2019లో అది రద్దయింది. గనులు దొరకలేదు కాబట్టి ఇప్పుడు రిసార్టులు అడుగుతున్నారు. గని తవ్వేవాడు పలుగుతో వస్తాడు, కనుక మనం లేచి నిలబడతాం. రిసార్టు కట్టేవాడు నవ్వుతూ, పూలదండతో, ఉత్సవంతో వస్తాడు. అందుకని మనకి ప్రమాదం కనపడదు. అడిగేది మాత్రం ఆ నేలనే.

"1/70 వల్ల పెట్టుబడులు రావడం లేదు, అందుకే మీరు వెనకబడ్డారు" అంటారు. చట్టం ఆసుపత్రి కట్టొద్దనలేదు. బడి కట్టొద్దనలేదు. డోలీ దారిలో రోడ్డు వేయొద్దనలేదు. ఆదివాసీ యువకుడు తన భూమిలో నాలుగు గదులు కట్టుకుని చుట్టాలకి ఇవ్వొద్దనలేదు. వద్దన్నది ఒక్కటే: మన భూమి చేయి మారడం. ఆ ఒక్కటి తప్ప ఇంకే దారిలోనూ మనకి అభివృద్ధి తేలేమని చెప్పేవాళ్లకి కావలసింది మన అభివృద్ధి కాదు.

"ఉద్యోగాలు వస్తాయి" అంటారు. ఏ ఉద్యోగాలు? ఇప్పుడున్న హోటళ్లు చూడండి. గదులు తుడిచేది ఎవరు, గేటు దగ్గర ఎవరు, వంటింట్లో గిన్నెలు తోమేది ఎవరు, లెక్కల బల్ల దగ్గర ఎవరు? 2000లో వచ్చిన మూడో నంబరు జీవో షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మన భాష తెలిసిన టీచరు మన బడిలో ఉండే ఏర్పాటు పోయింది. దాన్ని తిరిగి నిలబెట్టండి అంటే ఏళ్ల తరబడి హామీలే. చేతిలో ఉన్న ఉద్యోగం నిలబెట్టలేనివాళ్లు రిసార్టులో ఉద్యోగం చూపిస్తే ఎలా నమ్మాలి?

మన చేతి మచ్చలు

వేలు బయటికి చూపించి ఆగిపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. 1/70 ఉండగానే ఇన్ని గదులు గిరిజనేతరుల చేతుల్లోకి ఎలా పోయాయి? మనలో ఎవరో ఒకరు పేరు అరువిచ్చారు. కాగితం మీద మన ఇంటి పేరు, గల్లాపెట్టె దగ్గర వేరే మనిషి. నెలకి కొంత డబ్బు, ఒక మోటారు సైకిలు, దానికే సంతకం. కొన్నిచోట్ల మన ఆడపిల్లని పెళ్లి చేసుకుని ఆమె పేరున భూమి కొంటారు. భూమి రాయించుకున్నాక ఆ పెళ్లి ఎంతకాలం నిలిచిందో ఆ పిల్ల తల్లిని అడగండి. బినామీగా సంతకం పెట్టినవాడు తాను అద్దెకిచ్చింది తన పేరనుకుంటాడు. అద్దెకిచ్చింది మనందరి కంచెని.

ఇంకోటి. లోయలో అమ్ముడుపోయే సారా, మద్యం అంతా బయటివాళ్లే అమ్మడం లేదు. గెడ్డల దగ్గర ప్లాస్టిక్ గ్లాసులు అమ్మే బల్లలు మనవే. మన అవ్వని, ఆమె ముక్కు పుడకల్ని, పచ్చబొట్టుని అడగకుండా వీడియో తీసి లైకుల కోసం పెట్టేవాళ్లలో మన కుర్రాళ్లూ ఉన్నారు. బయటివాడి కన్ను మన కంటికి అంటుకుంది. మనల్ని మనమే పర్యాటకుడిలా చూసుకుంటున్నాం. ఇది భూమి పోవడం కన్నా నెమ్మదిగా జరుగుతుంది, కానీ భూమి పోవడానికి ముందు జరిగేది ఇదే.

మేము అడుగుతున్నది

ఒకటి. గ్రామసభ తీర్మానం లేకుండా ఉత్సవం వద్దు, రిసార్టు వద్దు, కొండ మీద ఆటలు వద్దు. 1996 పెసా చట్టం సంతల నిర్వహణ, మద్యం నియంత్రణ, భూమి పరాయి చేతికి పోకుండా ఆపే అధికారాల్ని గ్రామసభకీ పంచాయతీకీ ఇవ్వాలంది. ఉన్న అధికారం వాడకపోతే అది పుస్తకంలో పడి ఉంటుంది.

రెండు. గుహ, గెడ్డ, కొండ, తోట, ఎక్కడ టికెట్ తీసుకుంటే అక్కడి ఊరి గ్రామసభకి అందులో వాటా రావాలి. సమత తీర్పు చెప్పిన 20 శాతం గనుల గొడవలో పుట్టింది కావచ్చు. కొండ మీద వచ్చే డబ్బులో కొండవాళ్లకి వాటా ఉండాలన్న న్యాయం మాత్రం గనికీ గుహకీ ఒకటే. ఎంత వచ్చింది, ఎంత ఇచ్చారు అని ఊళ్లో గోడ మీద రాయాలి.

మూడు. గదులు కట్టేది, దారి చూపేది, బండి నడిపేది ఆదివాసీ యువత సహకార సంఘాలై ఉండాలి. ఐటీడీఏ, ట్రైకార్ అప్పులు, శిక్షణ వాటికి ఇవ్వాలి. పేరు అరువిచ్చే కుర్రాడికి పేరు నిలబెట్టుకునే దారి చూపించాలి.

నాలుగు. ధింసా ఎప్పుడు, ఎక్కడ, ఎంతకి అనేది ఆడేవాళ్లే చెబుతారు. చీకటి పడ్డాక, తాగినవాళ్ల మధ్య ఆడరు. బడి పిల్లల్ని ఎవరి స్వాగతానికీ పంపం.

అయిదు. మన పండుగ రోజుల్లో ఊరు మూసుకునే హక్కు మనకి ఉండాలి. పిలిస్తే రావాలి, పిలవకపోతే ఆగాలి.

ఇవన్నీ ప్రభుత్వం చేయాల్సినవే కాదు. రేపు పొద్దున్న నుంచి మనం చేయగలిగినవి ఉన్నాయి. మాస్టార్లూ, మీ బడి చుట్టూ ఉన్న కొండలకి, గెడ్డలకి, రాళ్లకి కువి, గదబ, పోర్జ, కోటియా ఒరియా భాషల్లో ఉన్న పేర్లు పిల్లల చేత వాళ్ల అవ్వల దగ్గర అడిగించి రాయించండి. వ్యూ పాయింట్ అని బోర్డు పడ్డ ప్రతి చోటుకీ అంతకు ముందే ఒక పేరు ఉంది. పేరు పోతే హక్కు అడగడానికి నోరు ఉండదు. 1/70ని, పెసాని, సమత తీర్పుని ఒక్కో గంట పాఠంగా చెప్పండి. సిలబస్‌లో లేదనకండి. ధింసా కూడా సిలబస్‌లో లేదు, కానీ అడిగినప్పుడు పిల్లల్ని పంపారు కదా.

చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, గ్రామసభ జరిగే రోజున సెల్‌ఫోను జేబులో పెట్టి వెళ్లి కూర్చోండి. ఎవరి పేరు మీద ఏ గది ఉందో పైకి అడగండి. ఆ పేరు మీ మేనమామది అయినా అడగండి.

వచ్చేవాళ్లకి మా చివరి మాట. రండి. సంకిడికి వచ్చినట్టు రండి. వరసలో కలిసి ఆడండి, పంక్తిలో కూర్చుని సామన్నం తినండి, మా పిల్లల చదువు అడగండి, మీ ఇంటికి మమ్మల్ని పిలవండి. అలా వచ్చినవాళ్లని ఈ లోయ ఏనాడూ వెనక్కి పంపలేదు. అలా కాకుండా నేల కొలుచుకుంటూ వస్తే మాత్రం దారిలో ఒక వెదురు దుంగ ఉంటుంది. దాని పక్కన మా ఆడవాళ్లు నిలబడి ఉంటారు. ఎవరు మీరు, ఎక్కడికి, ఎవరిని అడిగి వచ్చారు అని అడుగుతారు. జవాబు చెప్పాకే దుంగ లేస్తుంది.